ఊపిరి బిగబట్టిన బండి

బానెట్ ఎత్తకుండా రిపోర్టు రాసిన పెద్దమనిషీ, నీ చేతికి ఒక్క చుక్క ఇంజనాయిల్ అంటిందా? నీ తెల్ల చొక్కా మీద మరకేది? మూడు పేజీలు రాశావు. మూడు పేజీల్లో ‘విప్పి పరిశీలించితిని’ అని ఐదుసార్లు రాశావు. ఏం విప్పావు? ఏ స్క్రూ? ఏ చేత్తో? ఆ ఒక్క మాట పట్టుకుని ఇరవై ఆరేళ్ల మెకానిక్‌ను తీసుకెళ్లి జైల్లో కూర్చోబెట్టారు. నిన్ను నమ్మిన స్టేషనువాళ్లనూ, నీ సంతకం కింద సంతకాలు పెట్టినవాళ్లనూ కలిపే అడుగుతున్నాను. మీలో ఒక్కరైనా బానెట్ ఎత్తారా?

ఎత్తలేదు. ఎత్తింది ధనశ్రీ, ఆ మెకానిక్ గణేష్ చెల్లెలు. పోయిన వారం మనం ఆమెను వదిలింది అక్కడే. ఫిషింగ్ హార్బర్ వెనక రేకుల షెడ్డులో, నాగవంశీ ప్రాణం తీసిన తెల్ల కారు ముందు, డిప్‌స్టిక్ రింగులో వేలు దూర్చి నిలబడింది. ఇంజన్‌లో నూనె ఎంతుందో చూసే సన్న కమ్మీ అది. లాగబోతుంటే నాగవంశీ తల్లి సుధారాణి చెయ్యి పట్టుకుంది. ముట్టుకోవద్దంది. అందులోంచి నా కొడుకు మాట్లాడుతున్నాడు, మధ్యలో నువ్వు రావద్దంది. ధనశ్రీ చెయ్యి తీసేసింది.

తీయకుండా ఉండాల్సింది. ఒక రోజు పోయింది. మర్నాడు సాయంత్రం నాలుగింటికి బండి స్క్రాపుకి పోతుందని ఆ రిపోర్టు రాసిన ఇన్సూరెన్స్ సర్వేయర్ రమణమూర్తి నుంచి కబురొచ్చింది. బండి పోతే అందులో ఉన్న నిజం కూడా పోతుంది. గణేష్ లోపలే ఉంటాడు.

ఆ కారు ఏడుస్తుంది. పుకారు కాదు, హార్బర్‌లో సగం మంది విన్నారు. కుడి పక్కంతా నలిగి లోపలికి పోయినా ఇంజన్‌కు ఏమీ కాలేదు. స్టేషను నుంచి విడిపించాక సుధారాణి దాన్ని ఇంటికి తీసుకుపోలేదు, తయారైన షెడ్డుకే తెప్పించింది. లోపలికి జరపడానికి ధనశ్రీ తాళం తిప్పిన నిమిషంలో మొదలైంది. ముందు సన్నగా, గొంతు నొక్కితే మూలిగినట్టు. తర్వాత పైకి, ఇంకా పైకి, రేకులు వణికేదాకా. భయపడి తాళం ఆపేసింది. ఇంజన్ ఆగింది. గొంతు ఆగలేదు. నాలుగు లెక్కపెట్టేదాకా ఆగలేదు. బయట వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు వలలు అక్కడే పడేసి లేచి వెళ్లిపోయారు.

ఆ గొంతు సుధారాణికి తెలుసు. కొడుకు ఆ రోజు షెడ్డులోంచి బండి తీస్తుంటే ఆమె ఇక్కడే నిలబడి ఉంది. అది టర్బో శబ్దం అమ్మా, భలే ఉంది కదా అని నవ్వుతూ వెళ్లాడు. ఆ కేక దూరమై దూరమై లారీల మోతలో కలిసిపోయింది. ఇరవై నిమిషాలకు పోర్టు రోడ్డు మీద బానెట్ కింద నుంచి తెల్లటి పొగ లేచి అద్దాన్ని కప్పేసింది. ఆగి ఉన్న ట్రైలర్ మూల కుడి తలుపులోకి దిగింది. కొడుకు గురించి ఆమె చెవిలో మిగిలింది ఆ కేక ఒక్కటే. అందుకే తొమ్మిది రోజులుగా స్టీలు ప్లాంటు క్వార్టర్స్ నుంచి ఆటోలో మూడింటికి వస్తుంది. ఒక్కసారి స్టార్ట్ చెయ్యమ్మా అంటుంది. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని వింటుంది. వెళ్లిపోతుంది.

జైలు ములాఖత్‌లో గణేష్ చెల్లెలితో చెప్పింది ఒకటే మాట.

“అది ఏడుపు కాదే. ఊపిరాడక పెట్టే కేక. డిప్‌స్టిక్ లాగి సూడు. లాగినప్పుడు ఆగిపోతే, ఎక్కడో మూసుకుపోనాది.”

ఇంజన్‌కూ ఊపిరి ఉంటుంది. పెట్రోలు మండిన ప్రతిసారీ పిస్టన్ పక్క సందుల్లోంచి కాస్త పొగ కిందికి, నూనె ఉండే గదిలోకి జారుతుంది. అది బయటికి పోవాలి. పోకపోతే ఆ గది ఉబ్బి, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడినుంచి నూనె కక్కుతుంది. టర్బో పెట్టి గాలి ఊదించే బండిలో ఆ పొగ ఎన్నో రెట్లు. దీని మీదే గణేష్‌కూ నాగవంశీకీ నెల రోజులు గొడవ నడిచింది. ఇంజన్ నెత్తి మీద చిన్న ఫిల్టరు టోపీ పెట్టి పొగను గాల్లోకి వదిలేద్దామని నాగవంశీ పట్టు. రేసు బండ్ల ఫోటోల్లో అలాగే ఉంటుంది మరి. గణేష్ ససేమిరా అన్నాడు. ఆ కంపు ఏసీ దారిలో లోపలికొస్తుంది, సిగ్నల్ దగ్గర ఆగితే తల తిరుగుతుంది, మీ అమ్మ ఎక్కి ముక్కు మూసుకుంటుంది, పొల్యూషన్ టెస్టులో బండి నిలబడదు అన్నాడు. పోనీ కంపెనీ ఇచ్చిన గొట్టాలను అలాగే ఉంచేస్తే నూనె ఆవిరి టర్బోలోకి పోయి, అక్కడినుంచి మళ్లీ ఇంజన్‌లోకి పోయి మసి కడుతుంది. అందుకని పెద్ద గొట్టం దారిలో ఒక అల్యూమినియం డబ్బా బిగించాడు. లోపల స్టీలు పీచు. పొగ అందులోకి వచ్చి నూనెను వదిలేస్తుంది, మిగిలిన గాలి టర్బో నోట్లోకి పోతుంది. వారానికోసారి అడుగున కుళాయి తిప్పి నూనె తీసేస్తే చాలు. ఇంకో సన్న గొట్టం ఉంది. ఆక్సిలేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తన పొగను తానే పీల్చుకునే గొట్టం. దాన్ని కంపెనీ పెట్టినట్టే ఉంచాడు.

ఆ డబ్బానే నేరమని రమణమూర్తి రాశాడు. అనధికార డబ్బా వల్ల నూనె ఎగజిమ్మి, వేడి టర్బో మీద పడి, పొగ కమ్మిందట. పొగ నిజం. నూనె నిజం. ఎక్కడినుంచి ఎగజిమ్మిందో చూసినవాడు లేడు. ధనశ్రీ డబ్బా కుళాయి తిప్పితే ఒక్క చుక్క రాలేదు. ఎండిపోయి ఉంది. బండి చచ్చేంత పరిగెత్తిన రోజున ఆ డబ్బాలోకి ఏదీ రాలేదు.

ఇక్కడిదాకా మీకు తెలుసు. ఇక శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు.

వేట నిషేధం ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ రెండు నెలలు పట్టపగలే హార్బర్‌ను చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఐసు ఫ్యాక్టరీ మోత ఉండదు. వేలం పాట ఉండదు. చేపల్లేక కాకులు కూడా ఎటో పోతాయి. వరసగా కట్టేసిన బోట్లు ఒకదాన్నొకటి రాసుకుని కిర్రుమంటాయి, అంతే. ఆ రోజు గాలి లేదు. గాలి లేకపోయినా ప్రతి బోటులో స్టీరింగు చక్రానికి కట్టిన ఎర్ర పేలిక కదులుతూనే ఉంది. కింద నీళ్లు ఊపుతున్నాయి. వందల బోట్లు, వందల పేలికలు, మనిషి లేడు.

సుధారాణి ఏనాడూ అటువైపు రాలేదు. ఆటో రోడ్డు పక్క దింపితే నేరుగా షెడ్డులోకి వచ్చేది. ఆ రోజు క్రేన్ లారీ రోడ్డుకు అడ్డంగా నిలబడింది. ఆటో చుట్టూ తిరిగి జెట్టీ మీద దింపింది. బోట్ల వరస పొడుగునా నడిచి ఆమె షెడ్డు వెనక గుమ్మంలోంచి వచ్చింది. మొహంలో రక్తం లేదు. స్టార్ట్ చెయ్యి అంది.

షెడ్డు దగ్గర అప్పటికి ధనశ్రీ కాక ముగ్గురున్నారు. లారీ దగ్గర కాగితాలు సర్దుకుంటున్న రమణమూర్తి. ముందు చక్రాల దగ్గర గొలుసు విప్పుతున్న క్రేన్ డ్రైవరు. గుమ్మం పక్కన చేపల పెట్టె బోర్లించుకుని కూర్చున్న నూకాలు, ధనశ్రీ తండ్రి. నలభై ఏళ్లు బోటు ఇంజన్ పక్కన నిలబడి సన్న శబ్దాలు వినే శక్తి పోగొట్టుకున్నాడు. మనిషి మాట వినబడుతుంది, ఈల వినబడదు. ఈ షెడ్డులో ఉండి కూడా ఈ కారు ఏడుపు వినని మనిషి ఆయనొక్కడే. మిగతావాళ్ల మొహాలు చూసి, అప్పుడు మొదలైందని తెలుసుకునేవాడు.

ధనశ్రీ పగిలిన అద్దంలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పింది. కేక లేచింది. క్రేన్ డ్రైవరు చేతిలో గొలుసు జారి కింద పడింది.

“ఏట్రా బాబూ ఇది, లోపల ఎవుల్నైనా ఉంచీసారేటి?”

సుధారాణి కళ్లు మూసుకుంది. అప్పుడు ధనశ్రీ అడక్కుండా, చెప్పకుండా, డిప్‌స్టిక్ పట్టి లాగింది.

కేక తెగిపోయింది. సగంలో, కత్తి పెట్టి కోసినట్టు. ఇంజన్ మాత్రం చిన్నగా తడబడి తిరుగుతూనే ఉంది. ధనశ్రీ కమ్మీని మళ్లీ లోపలికి నొక్కింది. రెండు సెకన్లు ఏమీ లేదు. తర్వాత అదే మూలుగు, అదే కేక. లాగింది. ఆగింది.

సుధారాణి కళ్లు తెరిచింది. కొడుతుందేమోనని ధనశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె కొట్టలేదు. ఆ కమ్మీని తీసుకుని తానే తోసింది. విన్నది. తానే లాగింది. విన్నది. మళ్లీ తోసింది. మాట్లాడుతున్నవాడి నోరు మూసి, తెరిచి, మూసి చూస్తున్నట్టు ఎన్నిసార్లు చేసిందో. ప్రతిసారీ ఆ గొంతు ఆమె చెయ్యి చెప్పినట్టే విన్నది. చూడలేక ధనశ్రీ తాళం ఆపేసింది.

“ఆంటీ, ఇది వంశీ కాదు. గాలి. లోపల్నుంచి ఇంజన్ పీల్చుకుంటంది, బయట్నుంచి గాలి వచ్చే పెద్ద దారి మూసీసున్నాది. దారి లేక రబ్బరు సీలు సందులోంచి ఈడ్చుకుంటంది. ఆ ఈడుపే మీరు విన్నది.”

రమణమూర్తి దగ్గరికి వచ్చాడు. అయితే ఏంటట అన్నాడు. మూసుకుపోతే ఆ డబ్బానే మూసుకుపోయి ఉంటుందన్నాడు. బోట్లు బాగుచేసుకునేవాళ్లు టర్బోలు ముట్టుకుంటే ఇలాగే అవుతుందని కూడా అన్నాడు. బోటు ఇంజన్ నడి సముద్రంలో ఆగిపోతే దిగి నడిచి రాలేం సార్, అందుకని మేం విప్పకుండా విప్పామని చెప్పం అంది ధనశ్రీ. ఆయన వాచీ చూసుకున్నాడు.

సుధారాణి ఇద్దరి మాటా వినలేదు. వెనక గుమ్మం వైపు, బోట్ల వైపు చూస్తోంది.

“ఆ బోట్లన్నిటికీ స్టీరింగుకి ఎర్ర గుడ్డ ఎందుకు కట్టారండీ?”

ఇంజన్ ఆగి ఉంది కాబట్టి నూకాలుకు ఆ మాట వినబడింది. ఎవరో తన పని గురించి అడిగి ఎన్నాళ్లయిందో. పెట్టె మీంచి లేచాడు.

“వేట ఆపీసినప్పుడు ఉప్పు గాలి ఇంజన్లోకి దిగిపోకుండా బ్రీదర్లో నూనె గుడ్డ కుక్కుతాం తల్లీ. కుక్కినోడు స్టీరింగుకి ఎర్ర పేలిక కడతాడు, పసుపద్ది. పేలిక ఉన్నంతసేపు తాళం ఎవుడూ ముట్టడు. పేలిక తీసినోడు లోపల గుడ్డ కూడా తీసీయాల. ఒకటి తీసి ఒకటి ఒగ్గీడం ఉండదు. నలభై ఏళ్లలో ఎవుడూ ఒగ్గీలేదు.”

“కారుకి కూడా కట్టారా?”

ఆమె ఎంత మెల్లగా అడిగిందంటే నూకాలు రెండోసారి అడిగించుకున్నాడు. తర్వాత తలూపాడు.

“కట్టినాను. ఉప్పు గాలి, ఇది కారు, అది బోటు అని సూత్తాదేటి? బాబు ట్రైనింగుకి సెన్నై ఎల్లినాడు, ఐదారు వారాలు రాడన్నాడు. తొమ్మిది బోట్లకి కుక్కిన రోజే దీనికీ కుక్కినాను. గణేషుకి సెప్పలేదు. సెప్పడం దేనికి, పేలికుంది కదా.”

ధనశ్రీ ఇంజన్ మీదికి వంగి పెద్ద గొట్టాన్ని చూసింది. బోటు ఇంజన్‌కు బ్రీదర్ అంటే ఒకటే ఊపిరి గొట్టం, నోరు తెరుచుకుని బయటికే ఉంటుంది, కుక్కిన గుడ్డ ఎవరికైనా కనబడుతుంది. కారులో అలా కాదు. తండ్రి ఆ పెద్ద గొట్టాన్ని పీకి, ఇంజన్ మూతి దగ్గర గుడ్డ దట్టించి, జాగ్రత్త కోసం గొట్టాన్ని మళ్లీ తొడిగి క్లాంపు బిగించి ఉంటాడు. పైకి ఏమీ తెలియదు. రెండో సన్న గొట్టం సంగతి ఆయనకు తెలియదు. ఆ సన్న గొట్టమే లోపల్నుంచి పీల్చి ఇన్ని రోజులూ కేక పెట్టించింది. నాగవంశీ ఆక్సిలేటర్ తొక్కగానే పొగకు దారి లేక లోపల ఒత్తిడి పెరిగి, ఈ డిప్‌స్టిక్‌నే ఎగరగొట్టి, నూనెను ఎర్రగా కాలిన టర్బో మీద చిమ్మింది. లేచిపోయిన కమ్మీని స్టేషను ఆవరణలో ఎవరో తోసేసి ఉంటారు. అంతే జరిగింది. ఇంతకాలం గుడ్డ ఉందని చెప్పడానికి మిగిలింది ఆ ఎర్ర పేలిక ఒక్కటే.

ఆ పేలిక లేదు.

“ఆ రోజు నువ్వూ మీ అన్నా ఎలమంచిలిలో ఉన్నారు. ఈయన ఎక్కడో బోటు మీదున్నారు,” అంది సుధారాణి. ధనశ్రీతోనే మాట్లాడుతోంది, కళ్లు మాత్రం కారు మీద ఉన్నాయి. “వంశీ తాళం తేవడానికి లోపలికెళ్లాడు. నేను చక్రాల కింద నిమ్మకాయలు పెడదామని వచ్చాను. చూస్తే స్టీరింగుకి నూనె మరకల ఎర్రగుడ్డ, పసుపు పూసి. నా గుండె ఆగిపోయింది. నా పిల్లాడి బండికి ఎవరో ఏదో చేయించారనుకున్నాను. వాడు చూస్తే నవ్వుతాడు, వద్దంటాడు. వాడొచ్చేలోపు విప్పేశాను.”

హ్యాండ్‌బ్యాగు తెరిచింది. అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. పారే నీళ్లలో కలిపేయాలని పక్కింటావిడ చెప్పిందట. కలపడానికి వెళ్లేలోపే ఫోనొచ్చింది. ఆ రోజు నుంచి అది బ్యాగులోనే ఉంది. తొమ్మిది రోజులూ బానెట్ మీద చెయ్యి పెట్టి కొడుకు కేక వింటున్నప్పుడు కూడా ఆమె భుజానికే వేలాడుతోంది.

కవరులో ఎర్ర పేలిక. పసుపు నల్లబడింది.

నూకాలు దాన్ని ముట్టుకోలేదు. చూశాడు. “పేలిక లేదు. తీసీసినారనుకున్నాను,” అన్నాడు. అదే మాట మళ్లీ ఇంకా చిన్నగా అన్నాడు. పేలిక పోయింది కనక గుడ్డ కూడా పోయిందని నమ్మి ఇన్నాళ్లూ పెట్టె మీద కూర్చున్నాడు. కొడుకు జైల్లో ఉంటే ఇక్కడే, గుడ్డకు నాలుగడుగుల దూరంలో కూర్చున్నాడు.

షెడ్డులో అందరికంటే ముందు లెక్క తేలింది రమణమూర్తికి. రిపోర్టు రెండో పేజీ ఆయనకు కంఠతా వచ్చు. ‘బ్రీదర్ గొట్టం విప్పి పరిశీలించితిని. ఎట్టి అడ్డంకియు లేదు.’ ఆ గొట్టంలో గుడ్డ దొరికితే పోయేది గణేష్ మీద కేసు ఒక్కటే కాదు. ఈ కథలన్నీ కోర్టులో చెప్పుకోమన్నాడు. క్రేన్ డ్రైవరును కసిరాడు. గొలుసు ముందు ఇరుసుకు చుట్టుకుంది. మోటారు గర్రుమంది.

ధనశ్రీ స్క్రూడ్రైవరు అందుకుని క్లాంపు మీద పెట్టింది. పెట్టి, ఆగింది. ఇప్పుడు తాను విప్పి గుడ్డ తీస్తే, అన్న కోసం చెల్లెలే పెట్టి తీసిందంటారు. పైగా అది బయటికి రాగానే అన్న బయటికొస్తాడు, నాన్న లోపలికి పోతాడు. తండ్రి వైపు చూసింది.

“నా పేరు రాయించీ,” అన్నాడు నూకాలు. “నానే కుక్కినాను. గుంటడు ఏం సేసినాడు? రాయించీ.”

ధనశ్రీ స్క్రూడ్రైవరును చక్రం పైన ఫెండర్ రేకు మీద, పిడి రమణమూర్తి వైపుకి తిప్పి పెట్టింది.

“సార్, విప్పేనని ఐదుసార్లు రాసేరు. ఆరోసారి నిజంగా విప్పండి.”

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఎత్తవయ్యా అన్నాడు డ్రైవరుతో. గొలుసు బిగిసింది. కారు ముక్కు బెత్తెడు లేచింది.

అప్పుడు సుధారాణి ఎడమ తలుపు తీసి బండెక్కి కూర్చుంది. నలిగిన సీటు వైపు చూడలేదు. పక్కకు వంగి, వంకరపోయిన స్టీరింగు చక్రానికి ఆ పేలిక చుట్టింది. ఆమెకు ఆ ముడి రాదు. జారిపోయింది. మళ్లీ చుట్టింది. పగిలిన అద్దం అవతల నిలబడి నూకాలు వేలితో గాల్లో చూపించాడు, ఇటునుంచి తిప్పి, కిందినుంచి తీసి, లాగమని. ఆమె అలాగే చేసింది. ముడి పడింది.

క్రేన్ డ్రైవరు హార్బర్ వాడే. పేలిక చూశాడు, మోటారు ఆపేశాడు. రమణమూర్తి ఏదో అరిచాడు గానీ అతను లీవరు మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

“మీ పద్ధతి నాకు తెలీదు. తెలియక విప్పాను. ఇప్పుడు తెలిసే కట్టాను,” అంది సుధారాణి లోపల్నుంచి. “గుడ్డ బయటికి వచ్చేదాకా ఈ బండి ఇక్కణ్ణుంచి కదలదు. రమణమూర్తి గారూ, మీ చేత్తో విప్పాలి. ఫోన్లు తీయండి, అందరూ వీడియో తీయండి. పేలిక విప్పింది సుధారాణి అని రాయండి, గుడ్డ పెట్టింది ఆ పెద్దాయన అని రాయండి, విప్పకుండా విప్పానన్నది మీరని కూడా రాయండి. ఆ పిల్లాణ్ణి ఇంటికి పంపించండి. ధనశ్రీ, స్టార్ట్ చెయ్యి. వాడు కేక పెడుతుండగానే విప్పించు. ఎక్కడ ఆగిందో అందరూ వినాలి.”

గుడ్డ బయటికొస్తే ఆ కేక మళ్లీ ఎప్పటికీ రాదని ధనశ్రీ చెప్పబోయింది. ఆమెకు తెలుసని మొహం చూస్తే అర్థమైంది. తాళం తిప్పింది.

సన్నగా మొదలైంది. ఎక్కింది. రేకులు వణికాయి. జెట్టీ మీద బోట్లలో ఎర్ర పేలికలన్నీ కదులుతున్నాయి. నూకాలు బానెట్ మీద అరచెయ్యి పెట్టి కూతురి మొహం చూశాడు.

“ఏడుత్తందా?”

ధనశ్రీ తలూపింది.

స్క్రూడ్రైవరు ఫెండర్ మీదే ఉంది, పిడి నీ వైపుకే ఉంది. చేతులు ముందుకు తియ్యి, పెద్దమనిషీ. తీసుకో. విప్పు.